వరి మనకి, గడ్డి గేదెకి: పీచు మనకి ఎందుకు అరగదు?

కోత అయ్యాక కళ్లంలో రెండు కుప్పలు పడతాయి. ఒకటి వడ్లు, ఇంకోటి గడ్డి. ఒకే దుబ్బు నుంచి వచ్చినవి, ఒకే నీళ్లు తాగినవి. వడ్లు మిల్లుకి పోయి బియ్యమై మన కంచంలోకి వస్తాయి, గడ్డి వామికెక్కి అక్కణ్ణుంచి గేదె ముందుకి వస్తుంది. ఇందులో వింతేముంది అనిపిస్తుంది గానీ, ఉంది. బియ్యంలో ఉండే పిండి, గడ్డిలో ఎక్కువగా ఉండే సెల్యులోజ్, రెండూ అచ్చంగా గ్లూకోజ్‌తో కట్టినవే. నీరసపడితే సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారే, ఆ గ్లూకోజే. గ్రాము పిండిని కాల్చినా గ్రాము సెల్యులోజ్‌ని కాల్చినా వచ్చే వేడి దాదాపు ఒకటే, నాలుగు కేలరీల చిల్లర. అయినా బియ్యం మనిషిని బతికిస్తుంది, ఒట్టి గడ్డి మీద బతకమంటే మాత్రం మనిషి కడుపు నిండుగా ఉండగానే ఆకలితో పోతాడు.

ఈ మధ్య పీచు గురించి చాలామంది తికమక పడుతున్నారు, అందులో వాళ్ల తప్పేం లేదు. బళ్లో "మనిషి సెల్యులోజ్‌ను జీర్ణం చేసుకోలేడు" అని చదువుకున్నాం. ఇప్పుడేమో బిస్కెట్ ప్యాకెట్ నుంచి షుగర్ డాక్టర్ దాకా అందరూ ఫైబర్ తినమంటున్నారు. అరగనిదాన్ని పనిగట్టుకుని ఎందుకు తినాలి? నా ఉద్దేశంలో చిక్కంతా "అరగడం" అనే మాట దగ్గరే ఉంది. ఎవరికి అరగడం, పొట్టలో ఏ చోట అరగడం, ఎంతసేపట్లో అరగడం అని విడదీసి అడిగితే తప్ప ఈ ముడి విడదు.

పీచు అనే మాటలో ఎన్ని దూరాయో

మునక్కాయ ముక్కని పళ్ల మధ్య పెట్టి లాగితే గుజ్జు లోపలికి పోతుంది, పిప్పి కంచం పక్కకి పోతుంది. మనం పీచు అనేది ఆ పిప్పినే. కానీ ఆహారశాస్త్రంలో ఈ మాట చాలా పెద్దది. బెండకాయ జిగురు పీచే. నానబెట్టిన మెంతుల జిగురు పీచే. జామపండుని జామ్‌గా గడ్డకట్టించే పెక్టిన్ పీచే. తవుడులో ఉండే హెమిసెల్యులోజ్ పీచే. ఇవన్నీ మొక్క తన కణాల చుట్టూ కట్టుకునే గోడల్లోనో, గింజలో దాచుకునే నిల్వల్లోనో ఉండేవి. లిగ్నిన్ అని ఇంకోటుంది, అది అసలు చక్కెర గొలుసే కాదు, మొక్క ముదిరేకొద్దీ గోడల మధ్య సిమెంటులా దిగే పదార్థం. లేత బెండకాయ మెత్తగా ఉండి ముదిరింది కత్తికి కూడా తెగకపోవడంలో దీని చెయ్యి ఉంది. లిగ్నిన్‌ని గేదె కూడా ఏమీ చేయలేదు. కట్టెని కుళ్లబెట్టే కొన్ని శిలీంధ్రాలకే అది బాగా లొంగుతుంది.

ఆహారంలో పీచు అనే పేరుని 1953లో హిప్స్లీ అనే ఆయన వాడుకలోకి తెచ్చాడు. 2009లో ఆహార ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ ఇచ్చిన నిర్వచనాన్ని తేలిక మాటల్లో చెప్పాలంటే, మన సొంత ఎంజైమ్‌లు చిన్నపేగులో విడగొట్టలేని పొడవాటి చక్కెర గొలుసులే పీచు. ఈ నిర్వచనంలో రెండు మాటలు పట్టుకోండి, "సొంత", "చిన్నపేగులో". పెద్దపేగులో ఏమవుతుందో, వేరేవాళ్ల ఎంజైమ్‌లు ఏం చేస్తాయో ఇది చెప్పడం లేదు. అసలు కథ అక్కడే ఉంది, వస్తాను.

గంజి పెట్టిన నూలు చీర

పిండికీ సెల్యులోజ్‌కీ తేడా చూడాలంటే ఇస్త్రీకి సిద్ధంగా ఉన్న నూలు చీర చాలు. పత్తిలో నూటికి 90 పాళ్లు సెల్యులోజ్, అంటే చీర గ్లూకోజే. దాని మీద పెట్టిన గంజీ గ్లూకోజే. ఉతికితే గంజి నీళ్లలో పోతుంది, చీర మిగులుతుంది. బియ్యాన్ని అరగంట ఉడికిస్తే గంజి దిగుతుంది, చీరని రోజంతా ఉడికించినా దిగదు.

ఎందుకంటే గ్లూకోజ్‌ని గ్లూకోజ్‌తో ముడి వేసే పద్ధతి వేరు. పిండిలో ఉండేది ఆల్ఫా ముడి, అందులో గ్లూకోజ్‌లన్నీ ఒకే వైపుకి తిరిగి ఉంటాయి, దాంతో గొలుసు మెలికలు తిరిగి స్ప్రింగులా చుట్టుకుంటుంది. మధ్యలో సందులుంటాయి, ఉడికిస్తే నీళ్లు దూరతాయి, వాటి వెనకే ఎంజైమ్ దూరుతుంది. సెల్యులోజ్‌లో బీటా ముడి, ఒక గ్లూకోజ్ ఇటు తిరిగి ఉంటే పక్కది అటు తిరిగి ఉంటుంది. మాల కట్టేటప్పుడు ఒక పువ్వు తల ఇటు, ఒక పువ్వు తల అటు పెడతారు చూడండి, అలాగన్నమాట. అలా కట్టిన గొలుసు తిన్నగా కర్రలా సాగుతుంది. తిన్నని గొలుసులు పక్కపక్కన చేరి, కొబ్బరీనెలు చీపురుగా కట్టినట్టు, హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ కట్ట లోపలికి నీరే సరిగా పోదు, ఇక ఎంజైమ్ ఎక్కడ పోతుంది.

ఒక ముద్ద తెల్లన్నం, కూర కలపకుండా, నోట్లో పెట్టుకుని మింగకుండా నములుతూ ఉండండి. కాసేపటికి సన్నగా తీపి తగులుతుంది. లాలాజలంలోని అమైలేజ్ ఆల్ఫా ముళ్లని కోస్తున్న రుచి అది. మునగ పిప్పిని ఎంతసేపు నమిలినా రసం అయిపోయాక చప్పదనమే. ఈ రెంటి చరిత్రా ఒక్క మనిషి దగ్గర కలవడం నాకు భలే ఇష్టమైన సంగతి: ఫ్రాన్స్‌కి చెందిన ఆన్సెల్మ్ పాయెన్ 1833లో పెర్సోతో కలిసి పిండిని విడగొట్టే ఎంజైమ్‌ని వేరు చేశాడు, 1838లో మొక్కల గోడల్లోంచి సెల్యులోజ్‌ని వేరు చేశాడు.

బీటా ముడిని మనం తెంపలేమా? తెంపుతాం

చాలా పుస్తకాలు ఇక్కడ ఆగిపోతాయి. ఆల్ఫా ముడికి మన దగ్గర కత్తెర ఉంది, బీటా ముడికి లేదు, అయిపోయింది అంటాయి. అది సగం నిజం. పసిపిల్లలు తాగే పాలలోని లాక్టోజ్‌లో రెండు చక్కెరలని కలిపి ఉంచేది బీటా ముడే, దాన్ని లాక్టేజ్ అనే ఎంజైమ్ శుభ్రంగా కోస్తుంది. మన కన్నీళ్లలో, లాలాజలంలో లైసోజైమ్ ఉంటుంది, 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బయటపెట్టింది. బ్యాక్టీరియా గోడలో అది కోసేదీ బీటా ముడే. కాబట్టి ఆ ముడిని కోసే విద్య మన ఒంటికి తెలియనిది కాదు.

తెలియనిది వేరే పని. కట్టలో బిగుసుకున్న పొడవాటి గొలుసుల్లోంచి ఒక్కదాన్ని పైకి పెరికి, విడిగా పట్టుకుని, వరసగా కోసుకుంటూ పోవడం. దీనికి ఒక్క ఎంజైమ్ చాలదు, ఒక జట్టు కావాలి. ఒకటి గొలుసు మధ్యలో గాటు పెడుతుంది, ఇంకోటి ఆ తెగిన కొసని పట్టి సొరంగంలాంటి తన గాడిలోకి లాక్కుంటూ రెండేసి గ్లూకోజ్‌ల ముక్కలుగా కోస్తుంది, మూడోది ఆ జంటని విడదీస్తుంది. ఇలాంటి జట్టుల్లో బాగా తెలిసినది దొరికింది రెండో ప్రపంచయుద్ధ కాలంలో. పసిఫిక్‌లోని సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, నూలు సామాన్లు చివికిపోతుంటే కారణం వెతికారు. తేలిన శిలీంధ్రాల్లో ఒకదానికి ఆ పరిశోధన నడిపిన ఎల్విన్ రీస్ పేరు మీద ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు. ఇవాళ సెల్యులేజ్ ఎంజైమ్‌ల తయారీకి పెద్ద ఆధారం అదే.

సరే, ఆ ఎంజైమ్‌లని మాత్రగా మింగితే గడ్డి అరుగుతుందా? దీనికి జవాబు పానిపట్‌లో ఉంది. 2022 ఆగస్టులో అక్కడ ఇండియన్ ఆయిల్ వాళ్ల ఇథనాల్ ప్లాంటు మొదలైంది, పెట్టుబడి 900 కోట్ల పైన, ముడిసరుకు వరిగడ్డి. ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి, దాన్నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ అనేది వాళ్లు చెప్పిన సామర్థ్యం. 20 కోట్ల కిలోలని 3 కోట్లతో భాగిస్తే లీటరుకి ఆరున్నర కిలోల పైచిలుకు గడ్డి పడుతుంది. ఇలాంటి ప్లాంట్లలో గడ్డిని ముందు కత్తిరించి, వేడితో, రసాయనాలతో గోడలు వదులు చేసి, ఆ తర్వాతే ఎంజైమ్‌లు కలిపి గంటలకి గంటలు ఉంచుతారు. మన చిన్నపేగులో తిండి ఉండేది మూడు నుంచి ఐదు గంటలు. వేడి 37 డిగ్రీలు. నమిలేది మహా అయితే ఓ నిమిషం. ఎంజైమ్ చేతికిచ్చినా పని జరిగేంత తీరిక మన పొట్టలో లేదు. ఎంజైమ్ లేకపోవడం ఎంత కారణమో టైం లేకపోవడం కూడా అంత కారణం, ఈ రెండోది జనం దాదాపు ఎప్పుడూ చెప్పుకోరు.

గేదెకి కూడా సొంతంగా అరగదు

నీడలో పడుకున్న గేదెని పది నిమిషాలు చూడండి. మెడ కింద నుంచి ఒక ముద్ద పైకి రావడం చర్మం మీద తెలుస్తుంది. దవడ పక్కకి తిప్పుతూ యాభై, అరవై సార్లు నములుతుంది, మింగుతుంది, ఒక క్షణం ఊరుకుంటుంది, మళ్లీ ఇంకో ముద్ద పైకి వస్తుంది. రోజుకి ఏడెనిమిది గంటలు ఇదే పని. గడ్డిని ఎంత సన్నగా నలిపితే గొలుసుల కొసలు అంత ఎక్కువ బయటపడతాయి.

అంత నమిలినా సెల్యులోజ్‌ని కోసే ఎంజైమ్ గేదె ఒంట్లో తయారవదు. ఆవుకీ అంతే, మేకకీ అంతే. వాటి పొట్టలో మొదటి గది, రూమెన్, పెద్ద పశువులో వంద లీటర్లు దాటి పట్టే తొట్టి. అందులో గాలి తగలని చోట బ్యాక్టీరియా, ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు, శిలీంధ్రాలు కోట్లాదిగా బతుకుతాయి. గడ్డిని కోసేది అవి. గడ్డి అక్కడ ఒకటి నుంచి మూడు రోజులు నానుతుంది. తెగిన గ్లూకోజ్ కూడా గేదెకి దక్కదు, ఆ సూక్ష్మజీవులే తినేస్తాయి. తిని అవి వదిలే అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలని రూమెన్ గోడ పీల్చుకుంటుంది, పశువుకి కావాల్సిన శక్తిలో సుమారు 70 శాతం వాటినుంచే. ఆ పైన ఆ సూక్ష్మజీవులే పొట్టలో తర్వాతి గదుల్లోకి జారి అరిగిపోయి పశువుకి మాంసకృత్తులవుతాయి. తేన్పులో పోయే మీథేన్ ఈ వ్యవహారంలో నష్టం కింద పోయేది. మనం గేదె గడ్డి తిని పాలిస్తుంది అంటాం. సూక్ష్మజీవులు గడ్డి తింటాయి, గేదె సూక్ష్మజీవులని, వాటి విసర్జనని తింటుంది అనడం సరైన లెక్క.

గుర్రం, కుందేలు ఇదే తొట్టిని పొట్ట చివర, పెద్దపేగు మొదట్లో పెట్టుకున్నాయి. అక్కడ సూక్ష్మజీవుల మాంసకృత్తులని పీల్చుకునేంత దారి మిగలదు కాబట్టి కుందేలు ఒక రకం మెత్తటి పెంటికలని మళ్లీ తింటుంది. పాండా ఇంకో రకం. మాంసాహారుల వంశం, పొట్ట కూడా వాటిదే, తిండి మాత్రం వెదురు. తిన్నదాంట్లో ఐదో వంతు కూడా ఒంటికి పట్టదు, అందుకే రోజంతా తింటూనే ఉంటుంది. చెదపురుగు విషయంలో చాలాకాలం గేదె కథే అనుకున్నారు. 1920ల్లో క్లీవ్‌లాండ్ అనే శాస్త్రవేత్త చెదల పొట్టలోని ప్రోటోజోవాని చంపితే చెదలు కట్టె తింటూనే ఆకలితో చచ్చిపోయాయి. 1998లో మాత్రం జపాన్ పరిశోధకులు చెదపురుగు సొంత జన్యువుల్లోనే సెల్యులేజ్ ఉందని చూపించారు. అంటే జంతువుకి ఆ ఎంజైమ్ ఉండటం అసాధ్యమేం కాదు.

మరి మనకి ఎందుకు లేదు?

ఇక్కడ శాస్త్రవేత్తల మధ్యే ఏకాభిప్రాయం లేదు. గొరిల్లా, చింపాంజీల పొట్టలో పెద్దపేగు వాటా సగం దాటుతుంది, మనలో ఐదో వంతు దగ్గర ఉంటుంది, చిన్నపేగు వాటా సగం దాటింది. అంటే మన పూర్వీకులు పీచు పులియబెట్టే తొట్టిని చిన్నది చేసుకున్నారు. ఎందుకు చేసుకున్నారు అన్న దగ్గరే వాదన.

1995లో లెస్లీ ఐయెల్లో, పీటర్ వీలర్ చెప్పిందేంటంటే మెదడూ పేగూ రెండూ శక్తిని బాగా తినే అవయవాలు, మెదడు పెరగాలంటే పేగు తగ్గాలి, అందుకు మాంసం లాంటి సులువుగా అరిగే తిండి దారి చూపింది అని. వినడానికి చక్కగా ఉంటుంది. అయితే 2011లో వంద జాతుల క్షీరదాలని పోల్చి చూసినప్పుడు, ఒంట్లో కొవ్వు లెక్క తీసేస్తే, మెదడు పెద్దదైన చోట పేగు చిన్నదవుతుందన్న సంబంధం కనపడలేదు. రిచర్డ్ రాంగమ్ వాదన వేరు, మనల్ని మార్చింది వంట అంటాడు, సగం అరుగుదల పొయ్యి మీదే అయిపోతుంటే లోపల పెద్ద తొట్టి ఎందుకు అని. దానికి ఎదురు ప్రశ్న కాలం గురించి. ఆయన చెప్పే మార్పు దాదాపు 19 లక్షల ఏళ్ల నాటిది, గుహల్లో నిప్పు వాడిన గట్టి ఆధారాలు 10 లక్షల ఏళ్ల దగ్గర ఆగుతాయి. నాకు వంట వాదన మీదే మొగ్గు ఎక్కువ గానీ ఈ తొమ్మిది లక్షల ఏళ్ల ఖాళీ చిన్నది కాదు.

అపెండిక్స్ గురించి కూడా ఇలాంటి వాదనే. ఆకులు తిన్న రోజుల పెద్ద తొట్టికి మిగిలిన తోక అన్నాడు డార్విన్. 2007లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు అది విరేచనాల్లో అంతా కొట్టుకుపోయినప్పుడు మంచి బ్యాక్టీరియా దాక్కునే చోటు కావచ్చన్నారు.

మనలోనూ తొట్టి ఉంది, చిన్నది

చిన్నపేగు దాటిన పీచు మీటరున్నర పెద్దపేగులోకి వస్తుంది. అక్కడ ఒకట్రెండు రోజులు ఉంటుంది. అక్కడి బ్యాక్టీరియా గేదె పొట్టలో జరిగే పనే చిన్న ఎత్తున చేస్తాయి, అవే మూడు ఆమ్లాలు వస్తాయి. పెక్టిన్, జిగుర్లు చాలావరకు కరిగిపోతాయి. కట్టగా బిగుసుకున్న సెల్యులోజ్ తక్కువగా కదులుతుంది, లిగ్నిన్ చెక్కుచెదరకుండా బయటికి పోతుంది. మొక్కజొన్న పొత్తు తిన్న మర్నాడు గింజల తొక్కలు ఎందుకు అలాగే కనపడతాయో ఇప్పుడు తెలుస్తుంది.

అంకెల్లో చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 ఆహార పట్టిక ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, మొత్తం శక్తి 330 కేలరీల పైన. పీచుకి గ్రాముకి సగటున 2 కేలరీలు కడతారు. అంటే ఆ 10 గ్రాముల నుంచి మనకి వచ్చేది 20 కేలరీలు. అదే 10 గ్రాములు పిండి అయ్యుంటే 40 వచ్చేవి. పాలిష్ పట్టిన బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, కాబట్టి ఆ ఖాతాలో ఆరు కేలరీలు కూడా రావు. మొత్తం మీద పెద్దపేగు పులియబెట్టి ఇచ్చే శక్తి మన రోజు ఖర్చులో పదో వంతు లోపే. గొరిల్లాకి అది సగం దాటుతుందని అంచనా.

అయితే ఈ కేలరీల లెక్కతోనే పీచు విలువ కట్టేస్తే పొరపాటు. బ్యూటిరేట్ పెద్దపేగు లోపలి పొరలోని కణాలకి ప్రధాన ఇంధనం, రక్తంలోంచి వచ్చే చక్కెర కన్నా దాన్నే అవి ఎక్కువ వాడుకుంటాయి. అరగకుండా మిగిలిందేమో నీళ్లు పట్టుకుని మలాన్ని మెత్తబరిచి ముందుకి నెడుతుంది.

పీచు జబ్బులని ఆపుతుందా అన్నది ఇంకా చర్చలో ఉన్నదే. ఉగాండాలో పనిచేసిన ఐర్లండ్ సర్జన్ డెనిస్ బర్కిట్ 1970ల్లో, అక్కడి పల్లె జనానికి పీచు ఎక్కువ, పేగు జబ్బులు తక్కువ అని ప్రపంచం దృష్టికి తెచ్చాడు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద సమీక్ష రోజుకి 25 నుంచి 29 గ్రాములు తినేవాళ్లలో మరణాలు, గుండెజబ్బులు తక్కువని చూపింది. కానీ అందులో ఎక్కువ భాగం జనాన్ని ఏళ్ల తరబడి గమనించినవే, పీచు ఎక్కువ తినేవాళ్లు వేరే అలవాట్లలోనూ జాగ్రత్తగా ఉండొచ్చు. 2000లో అమెరికాలో పేగులో పాలిప్స్, అంటే లోపలి గోడ మీద లేచే చిన్న బుడిపెలు, తీయించుకున్నవాళ్లకి పీచు పెంచి చూసిన రెండు పరీక్షల్లో పాలిప్స్ మళ్లీ రావడం తగ్గలేదు. ఇక పేగు సున్నితంగా ఉండేవాళ్లకి కొన్ని రకాల పీచు వల్ల ఉబ్బరం, నొప్పి వస్తాయి, అది వాళ్ల అపోహ కాదు, లోపల గ్యాస్ నిజంగా పుడుతుంది.

పిండికీ పీచుకీ మధ్య గీత కూడా గట్టిదేం కాదు. వండిన అన్నం చల్లారితే పిండి గొలుసుల్లో కొన్ని మళ్లీ దగ్గరకి చేరి బిగుసుకుంటాయి, అమైలేజ్‌కి దొరకవు, పెద్దపేగు దాకా పోతాయి. అంటే చద్దన్నంలో కొంత పిండి పీచు లెక్కలోకి మారిపోతుంది. కొంతే, అన్నం మొత్తం కాదు.

తొట్టిలో ఉండేవాళ్లు మారతారు

మన పేగు మారడానికి లక్షల ఏళ్లు పట్టింది, పేగులోని బ్యాక్టీరియా అంత ఆగవు. 2010లో జపాన్ వాళ్ల పేగు బ్యాక్టీరియాలో సముద్రపు నాచు గోడలని కోసే జన్యువులు దొరికాయి. సముద్రపు బ్యాక్టీరియా నుంచి వచ్చినవి అవి, తరతరాలుగా తిన్న నాచు వెంట లోపలికి చేరాయని పరిశోధకులు అనుకుంటున్నారు.

2024లో సైన్స్ పత్రికలో ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ యూనివర్సిటీ బృందం ఇంకా దగ్గరి సంగతి రాసింది. మనుషుల పేగుల్లో సెల్యులోజ్‌ని నిజంగా కోయగల రుమినోకాకస్ జాతులు ఉన్నాయి. ప్రాచీన మానవుల ఎండిన మలంలో వాటి జాడలు తరచుగా దొరికాయి, వేటాడి బతికే తెగల్లో, పల్లెల్లో ఇప్పటికీ కొంత ఉన్నాయి, పారిశ్రామిక దేశాల జనంలో మాత్రం బాగా అరుదైపోయాయి. వాళ్ల విశ్లేషణ ప్రకారం ఇవి మొదట నెమరువేసే పశువుల పొట్టలో పుట్టి, బహుశా మనిషి పశువులని మచ్చిక చేసుకున్న కాలంలో మనలోకి వచ్చి, మన తిండికి తగ్గట్టు మారాయి.